సిగ్నల్ నిండుగా ఉంది, మాట తెగిపోతోంది: రాజమండ్రిలో ఒక టవర్‌తో నా అనుభవం

"చూడండి బాబూ, గీతలు నిండా ఉన్నాయి. ఇప్పుడు మీ ముందే చేస్తాను" అంటూ ఆ మందుల షాపాయన వాళ్ల అల్లుడికి ఫోన్ కలిపారు. మొదటి అర నిమిషం బాగానే ఉంది. ఆ తర్వాత అవతలి గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఈయన "హలో, హలో" అన్నారు. కట్ అయిపోయింది. ఫోన్ కౌంటర్ మీద పెట్టి, "షాపులోంచి మెట్లెక్కి పైన ఇంట్లోకి వెళ్లేలోపు రెండుసార్లు తెగుద్దండీ. టవర్ చూస్తే అదిగో, రాయి విసిరితే తగిలేంత దూరం" అన్నారు.

ఇది 2018లో సంగతి. రాజమండ్రి చుట్టుపక్కల టవర్లకి డ్రైవ్ టెస్ట్ చేసే, అంటే చుట్టూ తిరుగుతూ సిగ్నల్ కొలిచే, ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాదిన్నర అయింది. ఆ షాపు కోటగుమ్మం వైపు ఒక సందులో ఉంది. కంప్లయింట్ రెండున్నర నెలలుగా తెరిచే ఉంది. మధ్యలో ముగ్గురు వచ్చి చూసి వెళ్లారు. ఆఫీసులో పవర్ కాస్త పెంచారు, ఫోన్ ఎప్పుడు ఒక యాంటెనా వదిలి ఇంకోదానికి మారాలో చెప్పే హ్యాండోవర్ విలువలు మార్చారు, మళ్లీ పాత విలువలు పెట్టారు. ప్రతిసారీ రిపోర్టులో "సిగ్నల్ బాగుంది" అనే రాశారు. వాళ్లు రాసింది అబద్ధం కాదు, సిగ్నల్ నిజంగానే బాగుంది. నా ఫోన్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ, అంటే సిగ్నల్ బలం, మైనస్ 78 చూపిస్తోంది. ఇంట్లో కూర్చుని సినిమా చూసుకునేంత సిగ్నల్ అది.

ముందు ఆ టవర్ గురించి చెప్పాలి. నాలుగు అంతస్తుల మేడ మీద 15 మీటర్ల ఇనప టవర్. యాంటెనా మధ్య భాగం నేల నుంచి 28 మీటర్ల ఎత్తు. కింద నుంచి చూస్తే సన్నటి తలుపు రెక్కల్లా నిలువుగా మూడు తెల్ల పెట్టెలు మూడు దిక్కులకి కనిపిస్తాయి. అవే యాంటెనాలు, మేం వాటిని ఆల్ఫా, బీటా, గామా అంటాం. ఈ సైటులో ఆల్ఫా ఉత్తరం నుంచి 40 డిగ్రీలకి, బీటా 160కి, గామా 280కి తిప్పి ఉన్నాయి. అంటే ఆల్ఫా ఈశాన్యంగా ఇళ్ల మీదకి, బీటా మెయిన్ రోడ్డు బట్టల షాపుల వైపు, గామా గోదావరి మీదకి. ఒక్కొక్కటీ 120 డిగ్రీల వాటా చూసుకుంటుంది, ఆ వాటానే సెక్టార్ అంటాం.

కొత్తలో నాకు ఇక్కడే ఒక అనుమానం ఉండేది. వాటా 120 అయితే, యాంటెనా కాగితాల్లో అడ్డం వెడల్పు 65 డిగ్రీలు అని ఎందుకు రాస్తారు? ఆ 65 అనేది బలం సగానికి తగ్గే అంచుల లెక్క. అక్కడితో ఆగిపోదు, మెల్లగా తగ్గుతూ పోతుంది. పక్క సెక్టార్ కూడా అలాగే తగ్గుతూ వస్తుంది. రెండూ సమానమయ్యే గట్టు దగ్గర ఫోన్ ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటుంది. వెడల్పు ఇంకా ఎక్కువుంటే ఒకరి చేలోకి ఇంకొకరి నీళ్లు వచ్చి పడ్డట్టే. మా పనిలో సగం ఆ గట్లు కాయడమే.

షాపు సరిగ్గా ఆల్ఫా మధ్యలో ఉంది. గట్టు దగ్గర కూడా కాదు. అందుకే ఈ కేసు అందరినీ తిప్పలు పెట్టింది.

మొదటి రోజు పొద్దున 11 గంటలకి ల్యాప్‌టాప్, టెస్ట్ ఫోన్, జీపీఎస్ సంచిలో వేసుకుని టవర్ చుట్టూ నడిచాను. ఆ సందుల్లో కారు తిరగదు, నడకే. నాకు ముందు వచ్చిన అనుమానం సెక్టార్లు తారుమారు అయ్యాయేమోనని. ఆల్ఫా వైర్లు బీటాకి, బీటావి ఆల్ఫాకి పెడితే కాగితం మీద ఒక దిక్కు, గాల్లో ఇంకో దిక్కు ఉంటుంది. అది పట్టుకోవడం తేలిక. ప్రతి సెక్టార్‌కీ ఒక పీసీఐ నంబర్ ఉంటుంది. 4జీలో ఇవి 0 నుంచి 503 దాకా మొత్తం 504. ఈ సైటుకి 201, 202, 203 ఇచ్చారు. మూడుతో భాగిస్తే శేషం 0, 1, 2 వస్తుంది కాబట్టి ఒకే టవర్ మీది సెక్టార్ల గుర్తింపు సంకేతాలు ఒకదానిమీద ఒకటి పడవు. చుట్టూ తిరిగొచ్చి మ్యాప్ తెరిస్తే ఈశాన్యంలో 201, మెయిన్ రోడ్డు వైపు 202, ఏటి వైపు 203. ఎక్కడ ఉండాల్సినవి అక్కడే ఉన్నాయి. ఎస్‌ఐఎన్‌ఆర్, అంటే సిగ్నల్‌కీ రొదకీ తేడా, షాపు ముందు 17. ముందొచ్చిన ముగ్గురూ ఈ మ్యాపే చూసి వెళ్లారన్నమాట.

వెళ్లబోతూ షాపాయన్ని ఒకటే అడిగాను: "ఏ టైములో ఎక్కువ తెగుతుందండీ?"

"పొద్దున్నపూట పర్లేదండీ. సాయంత్రం ఆరు దాటిందా, ఇక అంతే. ఆదివారం మరీనూ."

నాకు ఈ కేసులో దొరికిన మొదటి ఆధారం ఆ మాటే. మేమందరం ఆఫీసు టైములో వచ్చి టెస్ట్ చేస్తున్నాం. ఆయనకి ఇబ్బంది వచ్చేది మేం ఇంటికెళ్లాక.

ఆ సాయంత్రం ఏడింటికి మళ్లీ వెళ్లాను. అదే ఫోన్, అదే మెట్లు. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 78 దగ్గరే ఉంది. ఎస్‌ఐఎన్‌ఆర్ మాత్రం 17 నుంచి 3కి పడిపోయింది, మధ్యమధ్యలో సున్నా కిందకి కూడా పోతోంది. అంటే మాట చెప్పే మనిషి గొంతు తగ్గలేదు, చుట్టూ గోల పెరిగింది. ఆ గోల ఎక్కడిది? పక్క టవర్ల నంబర్లన్నీ చూశాను, దగ్గర్లో బలంగా ఏదీ లేదు. లాగ్‌లో ఇంకో విషయం కనిపించింది. పొద్దునా సాయంత్రమూ కూడా ర్యాంక్ ఒకటి దాటలేదు. ఇంత మంచి సిగ్నల్‌లో పొద్దున్నపూటైనా రెండుకి ఎక్కాలి.

ర్యాంక్ అంటే ఏంటో చెప్తాను, ఎందుకంటే కథంతా దీని మీదే ఉంది. ఆ తెల్ల పెట్టె లోపల ఎక్స్ ఆకారంలో రెండు రకాల రేకులుంటాయి, ఒకటి కుడికి 45 డిగ్రీలు, ఇంకోటి ఎడమకి 45 డిగ్రీలు వాలి. ఒక్కో దానికి ఒక్కో జంపర్ కేబుల్, సిగ్నల్ తయారుచేసే రేడియో యూనిట్ నుంచి వస్తుంది. అంటే పెట్టె ఒకటే అయినా దారులు రెండు. సిగ్నల్ బాగుంటే ఫోన్ రెండు దారుల్లోనూ ఒకేసారి వేర్వేరు డేటా తెచ్చుకుంటుంది, అదే ర్యాంక్ రెండు. అప్పుడు బల్బు వెలిగింది. రెండు దారుల్లో ఒకటి ఈ వీధికి అసలు రావట్లేదేమో!

సెక్టార్ మొత్తం తారుమారైతే నంబర్లు చెప్పేస్తాయి. సగం తారుమారైతే? ఆల్ఫా రెండు జంపర్లలో ఒకటి మాత్రం బీటా పెట్టెకి, బీటాది ఒకటి ఆల్ఫా పెట్టెకి పోతే? ఫోన్ సిగ్నల్ బలం కొలిచేది ముఖ్యంగా మొదటి పోర్టు, అంటే మొదటి దారి, గుర్తులతో. మొదటి పోర్టులు సరిగ్గా ఉన్నాయి కాబట్టి మ్యాప్ శుభ్రంగా కనిపిస్తుంది. కానీ బీటా రెండో దారి ఈ వీధిలోకే కురుస్తూ ఉంటుంది. పొద్దున బట్టల షాపుల్లో జనం ఉండరు కాబట్టి బీటా ఖాళీ, గోల లేదు. సాయంత్రం మెయిన్ రోడ్డు నిండేసరికి బీటా నిండుగా పనిచేస్తుంది, ఆ గోలంతా ఈయన మెట్ల మీద పడుతుంది. ఆదివారం ఎందుకు ఎక్కువో కూడా తేలిపోయింది. అమ్మకాలు బాగున్న రోజే ఈయన ఫోన్ పనిచేయదు.

ఊహ బాగుంది, రుజువు కావాలి. టవర్ ఎక్కించాలంటే సెక్టార్ ఆపాలి, దానికి పైవాళ్ల అనుమతి కావాలి. "అనిపిస్తోంది" అంటే ఎవరూ ఇవ్వరు. అందుకని ఎన్‌ఓసీలో, అంటే నెట్‌వర్క్‌ని కనిపెట్టుకుని ఉండే కంట్రోల్ రూములో, నైట్ డ్యూటీలో ఉన్న ఒకమ్మాయిని బతిమాలాను. రాత్రి ఒంటిగంటకి, నెట్‌వర్క్‌లో జనం లేనప్పుడు, నేను ఆల్ఫాకి ఎదురుగా రోడ్డు మీద నిలబడి పెద్ద ఫైలు అప్‌లోడ్ పెట్టాను. అక్కడ తను ఆల్ఫా రేడియోలో రెండు బ్రాంచీలకి ఎంతెంత వస్తోందో చూసింది. యాంటెనా వినేది కూడా ఆ రెండు దారుల్లోనే కదా. రెండూ ఒకే పెట్టెలో ఉంటే ఒకటీ రెండూ డీబీ (డెసిబెల్) తేడా ఉంటుంది.

"ఒకదాంట్లో బాగా వస్తున్నారు. రెండోదాంట్లో దాదాపు 20 డీబీ తక్కువ" అంది.

"బీటా రెండో బ్రాంచి చూడండి ఒకసారి."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అక్కడ కనిపిస్తున్నారండీ మీరు!" అంది. నేను ఆల్ఫా ఎదురుగా నిలబడితే బీటా చెవిలో పడుతున్నాను. ఆ రాత్రి నడిరోడ్డు మీద నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

అనుమతి నాలుగు రోజులకి వచ్చింది, పొద్దున 5 నుంచి 7 దాకా. రాత్రిపూట టవర్ ఎక్కించడం నాకిష్టం లేదు, వెలుగొచ్చేదాకా ఆగుదామన్నాను. మేడ మీదకి వెళ్తుంటే ఇంటి పెద్దావిడ ముగ్గు వేస్తూ ఆపారు. "బాబూ, ఈ టవర్ మా నెత్తి మీదే ఉంది, మాకేమన్నా అవుద్దా?" ఈ ప్రశ్న దాటేసి వెళ్లడం నాకు ఇష్టముండదు. అమ్మా, ఆ పెట్టెలు లైటు వేసినట్టు ఎదురుగా దూరానికి వేస్తాయి, కాళ్ల కింద పడేది చాలా తక్కువ, పైగా మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి పరిమితి అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతే పెట్టారు అని చెప్పాను. "అయితే మేడ మీద వడియాలు పెట్టుకోవచ్చా?" అన్నారు. పెట్టుకోండమ్మా, ఆ యాంటెనా ముందుకి మాత్రం ఎవరినీ ఎక్కనివ్వకండి అన్నాను.

టవర్ ఎక్కి పనిచేసే మా రిగ్గర్ పాతికేళ్ల కుర్రాడు, తుని వైపు నుంచి వచ్చాడు. హార్నెస్ బిగించుకుని, రెండు కొక్కేల్లో ఒకటి తగిలించాకే ఇంకోటి తీస్తూ ఎక్కాడు. అతను ఎక్కకముందే ఆల్ఫా, బీటా రెండూ ఆపించి, ఆగాయని ఎన్‌ఓసీతో రెండుసార్లు చెప్పించుకున్నాను. మూడు రేడియో యూనిట్లూ టవర్ ఒకే కాలికి వరసగా బిగించి ఉన్నాయి. వాటి అడుగు నుంచి ఆరు నల్ల జంపర్లు వంపు తిరిగి పైకి పెట్టెలకి పోతున్నాయి. ఏది ఎక్కడికో కింద నుంచి ఎంత చూసినా తెలీదు.

"అన్నా, టేపు రంగులు చెప్పమంటావా?"

"రంగులు వద్దు. ఒక కొస పట్టుకుని ఊపు, ఎక్కడ కదులుతుందో చూసి చెప్పు."

ఒక్కొక్కటీ ఊపుతూ చెప్పాడు, నేను కాగితం మీద గీస్తూ పోయాను. మొదటిది సరిగ్గా ఉంది. రెండోది ఊపాడు, ఆగాడు. "అన్నా, ఇది ఈ పెట్టెకి రాలేదే... పక్క దానికి పోతోంది."

తర్వాత రంగుల టేపు ఫోటో తీసి పంపాడు. ఆల్ఫాకి ఎరుపు, బీటాకి పసుపు చుట్టాలి. ఎండకి ఎరుపు పాలిపోయి లేత నారింజ రంగులోకి వచ్చింది, పసుపు మట్టి పట్టి అదే రంగులో ఉంది. రెండూ పక్కపక్కన పెడితే నాకే తేడా తెలియలేదు. మూడు నెలల కింద ఆ సైటులో ఆల్ఫా, బీటా రేడియో యూనిట్లు రెండూ పాడైతే ఒక బృందం వచ్చి మార్చింది. ఆ టేపులు చూసే కనెక్షన్ ఇచ్చి ఉంటారు. షాపాయన కంప్లయింట్ ఆ తర్వాత రెండు వారాలకి మొదలైంది. పని అయ్యాక ఎవరో ఒకరు పది నిమిషాలు కింద నిలబడి అప్‌లోడ్ చేసి రెండు బ్రాంచీలూ చూసి ఉంటే, ఆయనకి రెండున్నర నెలల బాధ ఉండేది కాదు. ఇది నాకు ఇప్పటికీ మనసుకి పట్టే విషయం.

జంపర్ మార్చడం పది నిమిషాల పని, మూత వేయడమే అరగంట. పాత టేపు కత్తితో పొడుగ్గా చీల్చి ఒలిస్తే లోపల కనెక్టర్ దారాల్లో పచ్చగా చిలుం కనిపించింది, అంటే నీళ్లు చేరడం మొదలైంది. శుభ్రంగా తుడిచి, చేత్తో దారం పట్టేదాకా తిప్పి, అప్పుడు టార్క్ పానాతో 25 న్యూటన్ మీటర్ల దగ్గర "టక్" మనేదాకా బిగించాడు. ఈ పెద్ద కనెక్టర్లకి 25 నుంచి 30 చాలు. బలం ఉంది కదా అని మామూలు పానాతో బిగిస్తే లోపలి పిన్ను దెబ్బతింటుంది. తర్వాత ఒక పొర మామూలు టేపు, దాని మీద మెత్తటి రబ్బరు టేపు సాగదీసి, దాని మీద ఎండకి ఆగే టేపు. ఆ చివరి పొర కింద నుంచి పైకే చుట్టాలి. పెంకుటింటి మీద పై పెంకు కింది పెంకు మీదకి వచ్చినట్టు, పై చుట్టు కింది చుట్టుని కప్పుతుంది, వాన నీరు జారిపోతుంది. పై నుంచి కిందకి చుడితే ప్రతి మడతా ఒక దొన్నె అయిపోయి నీళ్లు పట్టి ఉంచుతుంది. కనెక్టర్‌లో నీళ్లు చేరితే పంపిన పవర్ వెనక్కి తన్నుతుంది. ఎంత తన్నుతోందో మేం చూసే కొలత వీఎస్‌డబ్ల్యూఆర్ 1.5 ఉంటే 4 శాతం వెనక్కి వస్తున్నట్టు. ఇక్కడ పని అయ్యాక 1.2 లోపు వచ్చింది.

అతను పైన ఉండగానే దిక్కులు కూడా సరిచూద్దామనుకున్నాను. టవర్ పక్కన నిలబడి దిక్సూచి చూస్తే ఇనుముకి ముల్లు పక్కకి లాగేసుకుంటుంది, 20 డిగ్రీల పైన తేడా చూపించింది. అందుకని రెండు మేడల అవతలి డాబా ఎక్కి, యాంటెనా వెనక అంచు నా కంటికి సూటిగా వచ్చే చోట నిలబడి కొలిచాను. మూడూ రెండు మూడు డిగ్రీల తేడాలో సరిగ్గానే ఉన్నాయి.

ఆ సాయంత్రం ఏడింటికి షాపు మెట్ల మీద ఎస్‌ఐఎన్‌ఆర్ 16. ర్యాంక్ రెండు. షాపాయన అల్లుడికి ఫోన్ చేసి, మాట్లాడుతూ మెట్లెక్కి, పైన ఇల్లంతా తిరిగి, డాబా మీదకెళ్లి, కిందకొచ్చారు. ఫోన్ పెట్టేశాక ఒక్క మాటా అనకుండా లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశారు. బాదంపాలు తెప్పించారు.

పని ఇక్కడితో అయిపోవాలి. కానీ ఆ టవర్ లాగ్‌లు తిరగేస్తుంటే గామాలో ఇంకో సంగతి కనిపించింది. గామా పట్టుకున్న ఫోన్లలో చాలావాటికి టైమింగ్ అడ్వాన్స్, అంటే ఫోన్ ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె, 38, 40 అని ఉంది. 4జీలో ఒక అంకె అంటే దాదాపు 78 మీటర్లు. 38 అంటే 3 కిలోమీటర్లు. గామాకి ఎదురుగా మూడు కిలోమీటర్ల అవతల ఉన్నది కొవ్వూరు. గోదావరి దాటి కొవ్వూరు రేవులో ఉన్న ఫోన్లు, వాళ్ల ఊళ్లో టవర్లు వదిలేసి, మా రాజమండ్రి టవర్‌ని పట్టుకుంటున్నాయి. నీటి మీద అడ్డు ఏముంటుంది? చెట్టు లేదు, గోడ లేదు. వినిపించడం వినిపిస్తుంది, బదులు చెప్పడానికి ఫోన్‌కి బలం చాలదు.

కారణం టిల్ట్, అంటే కిరణాన్ని కిందకి వంచే కోణం. పెట్టె కిరణం నిలువు వెడల్పు 7 డిగ్రీలు, అంటే నడుమ నుంచి పైకి మూడున్నర, కిందకి మూడున్నర. గామాకి 2 డిగ్రీల వంపే పెట్టారు. 28 మీటర్ల ఎత్తు నుంచి 2 డిగ్రీలు వంచితే నడుమ కిరణం 800 మీటర్ల దగ్గర నేలకి తగులుతుంది, పై అంచు ఆకాశం వైపే పోతుంది. కొవ్వూరు ఈ ఎత్తు నుంచి అర డిగ్రీ కిందనే ఉంది, అంటే కిరణంలోనే నిలబడి ఉంది. లెక్క కష్టం కాదు, ఎత్తుని దూరంతో భాగించి టాంజెంట్ విలోమం తీసుకోవడమే.

వంచడంలో రెండు రకాలు. బ్రాకెట్ సడలించి పెట్టెనే ముందుకి వంచడం ఒకటి. పళ్లెం ఒక పక్కకి వంచినట్టు ముందు కిందకి పోతుంది, వెనక పైకి లేస్తుంది, పక్కలు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. లోపలి రేకులకి వెళ్లే సిగ్నల్‌ని కొద్ది కొద్దిగా ఆలస్యం చేసి కిరణాన్నే వంచడం రెండోది, దాన్ని ఈ-టిల్ట్ అంటాం. గొడుగు కాస్త ముడిచినట్టు అన్ని వైపులా ఒకేలా దగ్గరకొస్తుంది. చిన్న మోటారుతో ఆఫీసు నుంచే మార్చవచ్చు. నాకు ఈ-టిల్టే నచ్చుతుంది, అందులోనూ నది గట్టున.

ముందు 6 డిగ్రీలు పెట్టించాను. కొవ్వూరు ఫోన్లు ఒక్కరోజులో మాయమయ్యాయి. పుష్కర ఘాట్ దగ్గర డేటా స్పీడు కూడా పెరిగింది. అయితే కిరణం పై అంచు ఇప్పుడు 640 మీటర్ల దగ్గరే ఆగుతోంది. 1974లో కట్టిన రైలు, రోడ్డు వంతెన మీద బండేసుకుని లాగ్ తీస్తే, నడి గోదావరిలో ఇటు మాదీ చాలట్లేదు, అటు కొవ్వూరుదీ అందట్లేదు. ఒక చోట పావు కిలోమీటరు పైన కాల్ నిలబడలేదు. కొవ్వూరు వాళ్లకి మేలు చేయబోయి వంతెన మీద వెళ్లేవాళ్లకి ఇబ్బంది తెచ్చాం.

4 డిగ్రీలు లెక్క వేశాను. పై అంచు మళ్లీ 3 కిలోమీటర్ల మీదకి పోతోంది. 5 అయితే ఒక కిలోమీటరు దాటి కాస్త. 5 పెట్టించి, కొవ్వూరు వైపు వంతెన చూసే సెక్టార్ వంపు ఒక డిగ్రీ తగ్గించమని అక్కడి ఇంజనీరుని అడిగాను. మర్నాడు పొద్దున కొవ్వూరు వెళ్లే ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని ఫోన్‌లో కాల్ పెట్టాను. వంతెన స్తంభాలు ఒక్కొక్కటే లెక్కపెడుతూ వచ్చాను. నది సగం దాటాక 203 కొవ్వూరు నంబర్‌కి మారింది, మాట తెగలేదు. వెనక్కి వచ్చేటప్పుడు కూడా చూశాను, నాలుగు స్తంభాల తేడాలో అక్కడే మారింది. సైటు కాగితంలో గామా ఈ-టిల్ట్ 2 కొట్టేసి 5 రాశాను. ఆరు జంపర్లకీ రంగు టేపుల మీద నంబర్లు కొట్టిన అల్యూమినియం బిళ్లలు కట్టించాను.